మారిషస్‌ల పదేండ్లకోసారి మున్సిపల్ ఎలక్షన్లా? ఇంతకీ మా వీధి మోరీ ఎవరిది?

కరీంనగర్ పోరడు:
అన్నలూ అక్కలూ, మారిషస్‌కి వచ్చి ఏడాదిన్నర దాటింది, ఎబెన్ సైబర్‌సిటీల జాబ్. ఉండేది ఒక టౌన్‌ల, పేరు చెప్పను, చెప్తే మా ఓనరమ్మ గుర్తుపడ్తది. సంగతి ఏందంటే గట్టి వాన పడ్డదంటే మా వీధి మోరీ పొంగి నీళ్ళు సీదా కాంపౌండ్‌లకి వస్తయి. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే ఆ రోడ్డు మాది కాదన్నరు, వాళ్ళు చెప్పిన ఇంకో ఆఫీస్‌కి చేస్తే మీ వీధి మా లిస్టుల లేదన్నరు, మూడో దగ్గర అయితే మంచిగ మాట్లాడి కంప్లయింట్ నంబర్ ఇచ్చిండ్రు, నంబర్ ఇచ్చి రెండు నెలలు. మన దగ్గరైతే కార్పొరేటర్ బామ్మర్ది నంబర్ ఉంటది కదా, తిట్టనీకన్నా ఒక మనిషి దొరుకుతడు, ఇక్కడ తిట్టనీకి మనిషే దొర్కుతలేడు.

అసలు నాకు సమజ్ గానిది ఇంకొకటి. నేను వచ్చినంక 2025 మేల మున్సిపల్ ఎలక్షన్లు అయినయి. ఆఫీస్‌ల అడిగితే దీనికి ముందు 2015 జూన్‌ల అయినయట! టర్మ్ ఆరేండ్లు అంటరు, మరి పదేండ్లు ఎట్ల నడిచింది? మొత్తం దేశం జనాభా పన్నెండు పదమూడు లక్షలు, మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాల మూడో వంతు ఉంటదేమో, ఇంత చిన్న దేశానికి ఇన్ని కౌన్సిళ్ళు ఎందుకు, ఉంటే పని ఎందుకు కాదు? తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

కోరంగి మునిమనవడు:
నమస్కారం అన్నా. నేను ఇక్కడి వాడినే. మా పెద్దవాళ్ళు కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి వచ్చారు, అందుకే ఒకప్పుడు ఇక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. నా తెలుగు బడిలో నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే నవ్వుకోండి, ఫరవాలేదు.

ముందు లెక్క చెప్తాను. టౌన్లు ఐదు: పోర్ట్ లూయీ, బో బాసాఁ-రోజ్ హిల్, కాత్ర్ బోర్న్, వాక్వా-ఫీనిక్స్, క్యూర్‌పిప్. ఐదింటిలో కలిపి 30 వార్డులు, వార్డుకి నలుగురు, అంటే 120 మంది కౌన్సిలర్లు. వోటరు ఒక్కొక్కరు నాలుగు ఓట్లు వేస్తారు. మిగతా ఊళ్ళన్నీ పల్లెల కింద లెక్క, ఏడు డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళు, వాటి కింద 130 విలేజ్ కౌన్సిళ్ళు. విలేజ్ కౌన్సిల్‌ని మేం కొన్సే విలాజ్ అంటాం. ఒక్కో ఊరికి తొమ్మిది మంది, వాళ్ళలో వాళ్ళే ప్రెసిడెంట్‌ని పెట్టుకుంటారు, ఊరికి ఒకరిని డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కి పంపుతారు. డిస్ట్రిక్ట్ కౌన్సిళ్ళు ముందు నాలుగే ఉండేవి, 2011 చట్టంతో ఏడు చేశారు.

ఇప్పుడు మీ కాలవ. ఇక్కడ కాలవకి యజమానులు చాలామంది. పెద్ద రోడ్డు పక్కన ఉంటే రోడ్ డెవలప్‌మెంట్ అథారిటీ. చిన్న వీధి అయితే కౌన్సిల్. కానీ కొత్త డ్రెయిన్ కట్టేది చాలాచోట్ల ఎన్.డి.యు., నేషనల్ డెవలప్‌మెంట్ యూనిట్ అని, అది సెంట్రల్ గవర్నమెంట్‌ది, కౌన్సిల్‌ది కాదు. దేశం మొత్తానికి వాన నీటి ప్లాను చూసేది ఇంకోటి, ల్యాండ్ డ్రెయినేజ్ అథారిటీ, 2017లో చట్టం చేశారు. దీనికి కారణం ఉంది. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో ఒక్కసారిగా వరద వచ్చింది, 11 మంది పోయారు, కొందరు కోడాన్ దగ్గర రోడ్డు కింద నడిచే సొరంగంలో. ఆ రోజు నేను టౌన్‌లోనే ఉన్నాను, సాయంత్రం దాకా మా అమ్మకి ఫోన్ కలవలేదు. ఆ తర్వాత అందరూ డ్రెయిన్లు డ్రెయిన్లు అన్నారు, అప్పటి నుంచి ఆ పని సెంటర్ చేతిలోకి ఇంకా ఇంకా పోయింది. డబ్బు అక్కడే ఉంది కాబట్టి నేను తప్పని కూడా అనను. కానీ మీలాంటివాడు ఫోన్ ఎవరికి చెయ్యాలి అంటే మూడు నంబర్లు.

కౌన్సిల్ చేతిలో గట్టిగా ఉన్నది చెత్త బండి (మేం కామియోఁ సాల్తే అంటాం), వీధి దీపాలు, బజారు, శ్మశానం, ఫుట్‌బాల్ గ్రౌండు, ఇల్లు కట్టే పర్మిట్. నీళ్ళు, కరెంటు, పోలీసు, బడి అన్నీ సెంటర్.

గోంగూర పచ్చడి:
బామ్మర్ది నంబర్ లేని దేశం కూడా ఒక దేశమేనా 😂

రిటైర్డ్ పంచాయతీ ఆఫీసర్, కోనసీమ:
బాబూ, కరీంనగర్ అబ్బాయీ, నేను ముప్పై ఏళ్ళు పైగా పంచాయతీరాజ్‌లో చేసి రిటైరయ్యాను, ఈవోపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీలు చూసే ఆఫీసరుగా దిగిపోయాను. మారిషస్ సంగతి నాకు పేపర్లో చదివినదే, కానీ నువ్వు చెప్పింది వింటే మన మండలాఫీసు కళ్ళ ముందు కనిపించింది. పదేళ్ళు ఎలా ఆపారని ఆశ్చర్యపోతున్నావు, మన రాజ్యాంగంలో 243ఇ అని స్పష్టంగా రాసుంది, ఐదేళ్ళు, అంతకు మించి ఒక్కరోజు కూడా కాదు, గడువు లోపలే ఎన్నిక పెట్టాలి అని. అంత స్పష్టంగా రాసున్నా ఆంధ్రాలో 2018 ఆగస్టులో పంచాయతీల గడువు అయిపోతే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలు లేవు, మధ్యలో అంతా స్పెషల్ ఆఫీసర్లే. ఒక స్పెషల్ ఆఫీసరుకి నాలుగైదు పంచాయతీలు, ఆయనకి అసలు ఉద్యోగం వేరే ఉండేది, వ్యవసాయ శాఖలోనో పశు సంవర్ధక శాఖలోనో, చెక్కు మీద సంతకం కోసం పశువుల ఆసుపత్రి దగ్గర కాపలా కాసిన సెక్రటరీలని నేను ఎరుగుదును. మీ తెలంగాణాలోనూ అంతేగా, 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచులు దిగిపోతే మళ్ళీ ఎన్నికలు అయ్యేసరికి 2025 డిసెంబరు.

కాబట్టి రాసుకున్నంత మాత్రాన జరుగుతుందనుకోకు. ఇక డబ్బు సంగతి అంటావా, మా దగ్గర ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాలో పడ్డాయని సర్పంచ్ సంతోషపడేలోగా కరెంటు బకాయిల కింద అవి డిస్కంకి సర్దుబాటు అయిపోయాయి, సర్పంచులు రోడ్డెక్కి ధర్నాలు చేశారు. పైన ఊరూరా సచివాలయం పెట్టారు 2019 అక్టోబరులో, అన్నీ కలిపి 15,004, మంచి పనే, సర్టిఫికెట్టు కోసం మండలానికి పోయే బాధ తప్పింది, కానీ అక్కడ కూర్చున్న ఉద్యోగి సర్పంచ్ మాట వినాలా కలెక్టర్ మాట వినాలా అంటే ఎవరి మాట వింటాడో నీకు నేను చెప్పక్కర్లేదు. కోరంగి బాబు చెప్పిన ఆ ఎన్.డి.యు. అనేది కూడా అలాంటిదే అయ్యుంటుంది.

కోరంగి మునిమనవడు:
అవును బాబాయ్ గారు, సరిగ్గా అలాంటిదే. ఎన్.డి.యు. పని కావాలంటే మనుషులు కౌన్సిలర్ దగ్గరికి పోరు, తమ నియోజకవర్గం పార్లమెంటు మనిషి సిటిజెన్స్ అడ్వైస్ బ్యూరోలో కూర్చునే రోజు చూసి పోతారు. వీధి దీపం కోసం కూడా పోతారు. వీధి దీపం కౌన్సిల్‌ది అని ఆయనకీ తెలుసు, వచ్చినవాళ్ళకీ తెలుసు.

ఎల్‌ఎల్‌ఎం హైదరాబాద్:
బాబాయ్ గారు చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. మన దగ్గర ఆపారు నిజమే, కానీ ఆపినప్పుడు కోర్టుకి వెళ్ళి నిలబడడానికి ఒక నేల ఉంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఎన్నికల సంఘం ఏ సాకుతోనూ ఐదేళ్ళ గడువు దాటనివ్వకూడదు, ప్రకృతి విపత్తు లాంటివి తప్ప అని. ప్రభుత్వాలు దాన్ని పట్టించుకోవు అది వేరే విషయం, కనీసం తప్పు చేస్తున్నారు అని అనగలం. మారిషస్‌లో తప్పు అని కూడా అనలేం, ఎందుకంటే వాళ్ళ రాజ్యాంగంలో మున్సిపాలిటీలకీ విలేజ్ కౌన్సిళ్ళకీ చోటే లేదు. అవి మామూలు చట్టం మీద బతుకుతాయి. మామూలు చట్టం అంటే పార్లమెంట్‌లో మామూలు మెజారిటీతో ఒక మధ్యాహ్నంలో మార్చుకోవచ్చు.

మార్చారు కూడా, రెండు వైపులా. 2012 డిసెంబర్‌లో మున్సిపల్ ఎన్నికలు అయ్యాయి. 2014 డిసెంబర్‌లో సెంటర్‌లో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు ఊపులో ఉన్నారు, 2015 జూన్‌లోనే, అంటే రెండున్నరేళ్ళకే, మళ్ళీ మున్సిపల్ ఎన్నికలు పెట్టి ఐదు టౌన్లూ ఊడ్చేశారు. తర్వాత 2021లో గడువు అయిపోయేసరికి కోవిడ్ అన్నారు, చట్టం సవరించి వాయిదా, కోవిడ్ పోయింది, మళ్ళీ సవరణ, మళ్ళీ వాయిదా. మజా ఏంటంటే విలేజ్ కౌన్సిళ్ళకి మాత్రం 2020 నవంబర్‌లో, అదే కోవిడ్ ఏడాదిలో, ఎన్నికలు పెట్టారు (అవి కూడా 2012 తర్వాత అప్పుడే!). పల్లెల్లో పార్టీల పేరు మీద పోటీ ఉండదు కాబట్టి ఓడిపోయాం అని ఎవరూ అనుకోనక్కర్లేదు, మన సర్పంచ్ ఎన్నికల్లాగే. టౌన్లలో ఓడితే టీవీలో కనిపిస్తుంది. ఇది నా ఊహ, కానీ తేదీలు చూస్తే వేరేలా అనుకోవడం కష్టం. చివరికి 2024 నవంబర్‌లో ప్రభుత్వం మారింది, ఆర్నెల్లకి మున్సిపల్ ఎన్నికలు, ఈసారీ అధికారంలో ఉన్న కూటమే ఐదు టౌన్లూ.

అయితే కోరంగి గారు చెప్పిన ఆ 2011 చట్టంలో ఒక మంచి పని ఉంది, చెప్పకపోతే అన్యాయం. పార్టీ గానీ గ్రూపు గానీ నిలబెట్టే అభ్యర్థుల్లో ఆడవాళ్ళు కనీసం మూడో వంతు, మగవాళ్ళూ కనీసం మూడో వంతు ఉండాలి అన్నారు. దానికోసం రాజ్యాంగాన్ని కూడా సవరించారు. అంతకుముందు 2005లో లోకల్ కౌన్సిళ్ళలో ఆడవాళ్ళు 6 శాతం చిల్లర, 2012లో 26 శాతం. మనలాగ సీటే రిజర్వ్ చెయ్యడం కాదు అది, టికెట్‌లో వాటా.

రిటైర్డ్ పంచాయతీ ఆఫీసర్, కోనసీమ:
అమ్మా, మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్ళకే కదా, అందులో సగం మంది సర్పంచులకి బదులు వాళ్ళాయన మీటింగుకి వచ్చి కూర్చునేవాడు, నేను బయటికి పంపితే అలిగేవాడు. ఒకావిడ మాత్రం, పేరెందుకులే, మొదటి ఆర్నెల్లు ఏం మాట్లాడలేదు, ఏడో నెల మొగుణ్ణి ఆఫీసు గుమ్మం దగ్గర ఆపి, నువ్వు పాలు పోయించుకొచ్చే పని చూడు అంది. తర్వాత నాలుగేళ్ళు మాకు చుక్కలు చూపించింది, ఎస్టిమేట్లు రెండోసారి చదివి వినిపించమనేది. రిజర్వేషన్ లేకపోతే ఆవిడ గుమ్మం దాటేదే కాదు. టికెట్‌లో వాటా ఇస్తే ఓడిపోయే వార్డులో నిలబెడతారు అని నా అనుమానం.

ఎల్‌ఎల్‌ఎం హైదరాబాద్:
అక్కడే తేడా ఉందండీ. వార్డుకి నలుగురు కాబట్టి గాలి వీస్తే నలుగురూ కలిసే గెలుస్తారు, ఓడిపోయే వార్డు అని విడిగా ఉండడం తక్కువ. ఈ బ్లాక్ ఓటు పద్ధతి ఆడవాళ్ళకి కలిసొచ్చింది, ప్రతిపక్షానికి మాత్రం గోరీ కట్టింది. పార్లమెంటుకి కూడా ఇదే పద్ధతి, ప్రధాన దీవి మీద (రోడ్రిగ్స్ అనే చిన్న దీవి కాకుండా) 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు. 1982లో 60-0, 1995లో 60-0, 2024లో మళ్ళీ 60-0. దేశంలో మూడుసార్లు ప్రధాన దీవి మీద ప్రతిపక్షానికి ఒక్క సీటూ లేదు. 2024లో గెలిచినవాళ్ళకి నూటికి 60 పైచిలుకు ఓట్లు, సీట్లు మాత్రం నూటికి నూరు.

కరీంనగర్ పోరడు:
ఆగుండ్రి ఆగుండ్రి. 60-0 అయితే మరి టీవీల ప్రతిపక్ష నాయకుడు అని ఒకాయన మాట్లాడుతడు కదా, ఆయన ఎక్కడికెల్లి వచ్చిండు?

కోరంగి మునిమనవడు:
హహ, 2024 ఎన్నికల తర్వాత ఆ పదవిలోకి వచ్చిన జో లెజోంగార్ బెస్ట్ లూజర్ అన్నా. ఓడిపోయినవాళ్ళలో బాగా ఓట్లు వచ్చినవాళ్ళకి ఎనిమిది సీట్ల దాకా ఇస్తారు, సమాజాల బ్యాలెన్స్ కోసం. నామినేషన్ పేపర్ మీద నువ్వు హిందువా, ముస్లిమా, చైనీయుడివా, ఇవేవీ కాని జనరల్ పాపులేషనా అని రాయాలి. మా తెలుగువాళ్ళం, తమిళులు, మరాఠీలు అందరం హిందువుల లెక్కలోనే. ఆ లెక్క కూడా 1972 జనాభా లెక్క, ఆ తర్వాత సెన్సస్‌లో ఆ ప్రశ్న అడగడం మానేశారు. అంటే నేను పుట్టక ముందు లెక్కతో ఇవాళ సీటు పంచుతారు. ఇది రాయం అని రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నాటివ్ అనే పార్టీ వాళ్ళు పోరాడారు, నామినేషన్లు కొట్టేశారు, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్ళారు, 2012లో ఆ కమిటీ వాళ్ళ పక్షం చెప్పింది. 2014 ఎన్నిక ఒక్కదానికి రాయకపోయినా సరే అన్నారు, తర్వాత మళ్ళీ మామూలే. దక్షిణాఫ్రికా జడ్జి ఆల్బీ సాక్స్ కమిషన్ 2002లోనే చెప్పింది, ఇంకో 30 సీట్లు పార్టీల ఓట్ల నిష్పత్తిలో పంచండి అని. ప్రతి ప్రభుత్వం ఎన్నికల సంస్కరణ చేస్తాం అంటుంది. గెలిచినవాడికి 60-0 వచ్చాక సంస్కరణ మీద ఆకలి ఉండదు కదా.

కానీ మీకు ఒక విషయం చెప్పాలి, అందరూ మర్చిపోతారు. ఈ నిష్పత్తి పద్ధతి మా దేశంలో ఒకచోట ఇప్పటికే నడుస్తోంది. రోడ్రిగ్స్. ప్రధాన దీవికి తూర్పున దాదాపు 600 కిలోమీటర్లు, 108 చదరపు కిలోమీటర్ల దీవి, నలభై వేల పైన జనం. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకి ఓటేసిన దీవి అది. 2001లో చట్టం, 2002 నుంచి సొంత రీజనల్ అసెంబ్లీ. ఆరు ప్రాంతాల నుంచి ఇద్దరిద్దరు, మిగతా సీట్లు పార్టీ ఓటు చూసి. ప్రతి మనిషి పార్టీకి విడిగా ఇంకో ఓటు వేస్తాడు. పైన చీఫ్ కమిషనర్. బడ్జెట్ డబ్బు పోర్ట్ లూయీ నుంచే పోతుంది, అది నిజం, కానీ ఖర్చు ఎలా అన్నది వాళ్ళు కూర్చుని కొట్లాడుకుంటారు. పైగా రోడ్రిగ్స్ అసెంబ్లీ పేరు రాజ్యాంగంలో ఉంది. నలభై వేల మందికి రాజ్యాంగంలో చోటు, లక్షకి పైన మనుషులున్న పోర్ట్ లూయీకి, 1850 నుంచి మున్సిపాలిటీ ఉన్న ఊరికి, చోటు లేదు. అది కొంచెం తమాషా.

గోంగూర పచ్చడి:
అయితే దూరంగా ఉన్నోళ్ళకి ఇచ్చారు, కళ్ళముందు ఉన్నోళ్ళకి ఇవ్వలేదు. మా అత్తగారు ఇంతే, వేరుకాపురం పెట్టిన పెద్దకోడలికి తాళాలు, ఇంట్లో ఉన్న నాకు లెక్కలు

రిటైర్డ్ పంచాయతీ ఆఫీసర్, కోనసీమ:
ఈ అమ్మాయి ఎగతాళిగా అన్నా అసలు సంగతి అదే. తాళం ఎవరి దగ్గరుంది అని చూడాలి. స్టాఫ్‌ని ఎవరు వేస్తారు బాబూ అక్కడ?

కోరంగి మునిమనవడు:
లోకల్ గవర్నమెంట్ సర్వీస్ కమిషన్ అని ఒకటి ఉంది బాబాయ్ గారు. కౌన్సిల్ ఆఫీసర్లని వేసేదీ, ఒక కౌన్సిల్ నుంచి ఇంకో కౌన్సిల్‌కి మార్చేదీ అదే. మేయర్‌ని కౌన్సిలర్లు ఎన్నుకుంటారు, ఆయన ఉంటాడు, పోతాడు. చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఉంటాడు. డబ్బులో పెద్ద భాగం సెంటర్ ఇచ్చే గ్రాంట్. నేను అనేది ఏమిటంటే, రాజ్యాంగంలో పేరు రాయాలి, నిజమే, కానీ ఊరికే రాస్తే చాలదు, మీ దేశం చూస్తే తెలుస్తోంది.

ఎల్‌ఎల్‌ఎం హైదరాబాద్:
ఊరికే రాస్తే చాలదని నేనూ ఒప్పుకుంటా. కానీ రాయకపోతే 2015 నుంచి 2025. అంతే చెప్తా.

కరీంనగర్ పోరడు:
అందరికీ థ్యాంక్స్, మస్తు తెలిసింది. అప్డేట్ ఇస్తున్న. కోరంగి అన్న చెప్పినట్టు మా వార్డు నలుగురు కౌన్సిలర్లల ఒకావిడ నంబర్ పట్టిన, వచ్చింది, మంచిగ చూసింది, ఫోటోలు తీసుకుంది. మా వీధి మోరీ కౌన్సిల్‌దేనట, అది పోయి కలిసేది మాత్రం ఎన్.డి.యు. కట్టిన పెద్ద కాల్వల, పూడుకపోయింది ఆ కలిసే మూల దగ్గర. కౌన్సిల్ మనుషులు మూడు రోజులకి వచ్చి వాళ్ళ భాగం క్లీన్ చేసి పోయిండ్రు, సరిగ్గ స్లాబ్ మొదలయ్యే కాడ ఆపిండ్రు, ఒక్క అడుగు లోపలికి పోలే. మీరన్న అడ్వైస్ బ్యూరోకి కూడా పోయిన, క్యూల నా ముందట ఇద్దరు వీధి దీపం కోసమే వచ్చిండ్రు, నాకు నవ్వు ఆగలే.

ఓట్ల సంగతి ఒకటి అడుగుత. కామన్వెల్త్ దేశపోళ్ళు రెండేండ్లు ఇక్కడ ఉంటే ఓటు రాయించుకోవచ్చని మా ఆఫీస్‌ల ఒకాయన అన్నడు, నిజమేనా?

ఎల్‌ఎల్‌ఎం హైదరాబాద్:
నిజమే, పార్లమెంటు ఎన్నికలకి. వాళ్ళ రాజ్యాంగం 42వ సెక్షన్‌లోనే ఉంది, రెండేళ్ళ నివాసం. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాడివి కూడా వస్తావు. అది అక్కడ పెద్ద గొడవ కూడా, బయటి దేశాల వర్కర్ల ఓట్లని, కాబట్టి ఆఫీస్‌లో మరీ గట్టిగా మాట్లాడకు.

కరీంనగర్ పోరడు:
ఓహో. అంటే ఇంకో ఆర్నెల్లల నేను 60-0 పంచాయితీల కూడా ఉంట అన్నట్టు 😅

నిన్న ఆ పెద్ద కాల్వ స్లాబ్ మీద ఎవరో వచ్చి పసుపు పెయింట్‌తోని ఒక నంబర్ రాసి, బాణం గుర్తు పెట్టి పోయిండ్రు. కౌన్సిలరమ్మని అడిగితే మావాళ్ళు కాదు అన్నది. మా ఓనరమ్మ అయితే రోడ్డోళ్ళది అంటుంది. కోరంగి అన్నా, పసుపు పెయింట్ ఎవరిది?

కోరంగి మునిమనవడు:
బాణం ఎటు వైపు ఉంది అన్నా? ఫోటో పెట్టు.